చిన్న చేతికి, దెబ్బతిన్న చేతికి ఎయిర్ పిస్టల్ గ్రిప్ కుదుర్చుకోవడం ఎలా

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునే పిల్లలకు ముందుగా చేతికొచ్చేది అకాడమీ పిస్టల్. దాని గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే చెక్క పిడి, ఎప్పుడో ఒక పెద్ద చేయి ఉన్న సీనియర్ కోసం తెప్పించింది అయి ఉంటుంది. ఆరో ఏడో తరగతి పిల్ల దాన్ని పట్టుకుంటే ట్రిగ్గర్ వేలి కొసకు అందీ అందనట్టు ఉంటుంది. "నేరుగా వెనక్కి లాగు" అని కోచ్ చెబుతూనే ఉంటారు. వేలు అక్కడిదాకా పోనప్పుడు నేరుగా లాగేది ఎట్లా?

పెద్దయ్యాక ఈ ఆటలోకి వచ్చేవాళ్ల ఇబ్బంది వేరు. సిరిసిల్ల మరమగ్గాల మీద, గోదావరిఖని బొగ్గు బావుల్లో పనిచేసిన చేతుల్లో ఏదో ఒక వేలు పూర్తిగా ముడవదు. బైక్ మీంచి పడి మణికట్టు విరిగినవాళ్లకు కట్టు విప్పాక కూడా చేయి ఒక పక్కకు తిరగదు. వీళ్లకు డబ్బాలో వచ్చిన గ్రిప్ ఏదీ కుదరదు.

ఇద్దరికీ వర్తించే సూత్రం ఒకటుంది. గ్రిప్‌ను అరచేతికి నిండుగా ఉందా లేదా అని చూసి ఎంచుకోకండి. చేయి సరైన చోట కూర్చున్నాక చూపుడువేలు ట్రిగ్గర్‌ను ఎక్కడ తాకుతోందో చూసి ఎంచుకోండి. అరచేతిలో ఖాళీ ఉంటే నింపుకోవచ్చు, ఎత్తుగా ఉంటే అరగదీసుకోవచ్చు. వేలు అందకపోతే మాత్రం తర్వాత ఎంత చెక్కినా సగమే ఫలితం.

ఇక్కడ చెప్పేదంతా పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ గురించే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 బోరు, 20 జూళ్ల శక్తి దాటని ఎయిర్ ఆయుధాలకు లైసెన్స్ అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా కంట్లో తగిలితే చూపు పోతుంది, అందుకే మొదటి పని ఇది: గ్రిప్ ముట్టుకునే ముందు పిస్టల్ ఖాళీ చేయండి. గుండు పెట్టే చోటును, అంటే బ్రీచ్‌ను తెరిచి కళ్లతో చూసి, రంగు సేఫ్టీ తీగ బ్యారెల్‌లో పెట్టి, గాలి సిలిండర్ విప్పి పక్కన ఉంచండి. పరీక్షలన్నీ మనుషులు నడవని గోడ వైపే చేయండి.

చేయి కొలుచుకోండి

తెల్ల కాగితం మీద షూటింగ్ చేయి బోర్లా పెట్టి, వేళ్లు కొద్దిగా ఎడం చేసి, చుట్టూ గీత గీయండి. పెన్సిల్ నిటారుగా ఉండాలి. లోపలికి వాలిస్తే బొమ్మలో చేయి అసలుకంటే చిన్నదవుతుంది, అదే సైజు మారిపోవడానికి చాలు. వేరే వాళ్లతో గీయించుకుంటే ఇంకా మంచిది. పొద్దున లేవగానే కాకుండా ఒక గంట ప్రాక్టీస్ అయ్యాక గీయండి. పట్టు పట్టీ పట్టీ చేయి కాస్త ఉబ్బుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. చలికాలం పొద్దున ఒదులుగా ఉన్న గ్రిప్ ఎండాకాలం మధ్యాహ్నం పిసికేసినట్టు ఉంటుంది.

మూడు కొలతలు రాసుకోండి. బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి వెడల్పు. మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా పొడవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు నుంచి చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాకా దూరం. కంపెనీలు సాధారణంగా మొదటి రెండింటితోనే సైజు చెబుతాయి. మీకు అసలు పనికొచ్చేది మూడోది. అరచేయి వెడల్పుగా ఉండి వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పట్టిక చూసి ఎం సైజు తెప్పించుకుంటే అరచేయి హాయిగా కూర్చుంటుంది, వేలు మాత్రం ట్రిగ్గర్ అంచు దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి చేతికి నేనైతే ఎస్ సైజే తీసుకోమంటాను. వెడల్పు తక్కువైన చోట అరగదీసి సరిచేసుకోవచ్చు.

మొరిని, స్టేయర్, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బౌ, పార్దిని లాంటి పిస్టల్ కంపెనీల్లో ఎవరి సైజులు వాళ్లవే. ఒకరి ఎస్ ఇంకొకరి ఎంకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్షరం చూసి ఆర్డర్ ఇవ్వకండి. చేతి గీత పంపితే దానికి తగ్గట్టు గ్రిప్ చేసిచ్చే జర్మనీ రింక్ లాంటి వాళ్లూ ఉన్నారు. దిగుమతి గ్రిప్ అంటే పదివేలు దాటే ఖర్చే. అయినా పిస్టల్ అకాడమీదే వాడుకుంటూ గ్రిప్ మాత్రం సొంతంగా కొనుక్కోవడం తెలివైన పని. చాలా పిస్టళ్లకు గ్రిప్ అడుగున ఒకే అలెన్ స్క్రూ ఉంటుంది. ప్రాక్టీస్‌కు ముందు మీది బిగించుకుని, అయ్యాక పాతది బిగించి ఇచ్చేయొచ్చు. కొనే ముందు ఆ పిస్టల్ మోడల్ పేరు, కుడి చేతిదో ఎడమ చేతిదో రెండుసార్లు సరిచూసుకోండి.

పిల్లకు పిస్టల్ కూడా కొనే స్తోమత ఉంటే పొట్టి మోడళ్లు చూడండి. మొరిని 162లో షార్ట్ ఉంది, మిగతావాళ్లూ అలాంటివి చేస్తున్నారు. వాటిలో ముందు బరువు తక్కువ. మామూలు ఎయిర్ పిస్టల్ కిలోకు అటూ ఇటుగా ఉంటుంది. చాచిన ఒంటి చేత్తో దాన్ని 60 షాట్లు, 75 నిమిషాలు ఎత్తి దించాలి. ముందు బరువు తగ్గితే చిన్న చేతి పట్టు నిలుస్తుంది.

చెక్క ముట్టుకునే ముందు ట్రిగ్గర్ జరపండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. పోటీ పిస్టల్ ట్రిగ్గర్ పలక చిన్న పట్టా మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కొన్నింట్లో పక్కకు కూడా తిరుగుతుంది. చిన్న చేతికి ముందు దాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చి చూడండి. ఇంతవరకు ఎవరూ ఆ స్క్రూ కదపలేదని అప్పుడు తెలుస్తుంది. సమస్య అక్కడే తీరిపోతే గ్రిప్ ఖర్చు మిగిలినట్టే.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడండి. చేతి సందును గ్రిప్ వెనక పైభాగంలో ఎంత పైకి పోతే అంత పైకి ఆనించండి. మధ్యవేలు, ఉంగరపు వేలు ముందు నుంచి వెనక్కి లాగినట్టు పట్టుకోవాలి. పట్టు భారమంతా ఆ రెండు వేళ్లదే. చిటికెన వేలు ఊరికే తోడుంటుంది. బొటనవేలు ఏ పనీ చేయకూడదు, నొక్కితే షాట్ పక్కకు పోతుంది. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలో పలక తగలాలి. వేలి మిగతా భాగం చెక్కకు ఎక్కడా ఆనకూడదు. ఆ సందులోంచి ఒక విజిటింగ్ కార్డు తగలకుండా దూరితే బాగున్నట్టు. వేలు చెక్కను రాసుకుంటుంటే ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ పిస్టల్ పక్కకు కదులుతుంది. పదో రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లే, చొక్కా గుండీ అంత. పది మీటర్ల దూరంలో దాన్ని తప్పించడానికి ఆ కాస్త కదలిక చాలు.

వేలు అందడానికి పిల్లలు తెలియకుండానే చేసే పని ఇంకోటుంది. అరచేతిని గ్రిప్ చుట్టూ ముందుకు తిప్పేస్తారు. అప్పుడు వేలు అందుతుంది, పిస్టల్ మాత్రం ముంజేతికి అడ్డంగా తిరిగిపోతుంది. వెనక నిలబడి చూసేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మోచేయి నుంచి బ్యారెల్ దాకా ఇంచుమించు ఒకే వరస ఉండాలి. లేకపోతే ఆ గ్రిప్ ఆ చేతికి పెద్దదే.

కళ్లు మూసుకుని ఎత్తండి

సిలిండర్ మళ్లీ బిగించండి, అది లేకపోతే బరువు మారుతుంది. బ్రీచ్ ఖాళీగానే ఉండాలి. నిలబడి, పట్టు కుదుర్చుకుని, కళ్లు మూసుకుని చేయి మామూలు ఎత్తుకు లేపండి. మణికట్టు బిగించి, కళ్లు తెరిచి టార్గెట్ వైపు కాకుండా సైట్ల వైపు చూడండి. వెనక సైటు గాడిలో ముందు సైటు నడిమధ్యన, పై అంచులు ఒకే మట్టంలో ఉంటే గ్రిప్ మీ చేతికి దగ్గరగా ఉన్నట్టు. ముందు సైటు పైకి పొడుచుకొస్తే బ్యారెల్ మూతి లేస్తోంది, గ్రిప్ వాలు (పిడి ఏటవాలుగా ఉన్న కోణం) తగ్గించాలి. గాడిలో మునిగిపోతే వాలు పెంచాలి. ఎడమకో కుడికో జరిగి ఉంటే గ్రిప్‌ను కాస్త తిప్పాలి, లేదా అరచేతి వైపు మందం మార్చాలి. ఒక్కసారి చూసి స్క్రూ తిప్పకండి. అలసట లేనప్పుడు కొన్నిసార్లు, ప్రాక్టీస్ చివర కొన్నిసార్లు ఎత్తి చూస్తే ఎటు తప్పుతోందో తెలుస్తుంది.

ఇప్పటి పోటీ పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్ వాలు మార్చుకునే సౌకర్యం ఉంది. మార్చే ముందు పాత స్థానాన్ని పెన్సిల్ గీతతో గుర్తు పెట్టుకుని, ఫోన్లో ఫొటో తీసుకోండి.

పౌడర్ రాసి చూడండి

గ్రిప్ ఎక్కడ ఒత్తుతోందో ఊహించాల్సిన పని లేదు. ముఖానికి రాసుకునే పౌడర్ అరచేతికి పలచగా పట్టించి, గ్రిప్‌ను మామూలుగా పట్టుకుని, వేళ్లు జరపకుండా వదలండి. నల్లటి వాల్‌నట్ చెక్క మీద తెల్లటి అచ్చు పడుతుంది. దట్టంగా తెల్లబడిన చోట చెక్క ఎక్కువగా ఉంది, అసలు అంటని చోట ఖాళీ ఉంది. చిన్న చేతుల్లో తెలుపు దాదాపు ఎప్పుడూ రెండు చోట్ల దట్టంగా కనిపిస్తుంది: చూపుడువేలి మొదలు ఆనే పక్క భాగంలో, వేళ్ల మధ్య గాడులను విడదీసే గట్ల మీద.

ఆ గట్ల మీద నాకు అసలు నమ్మకం లేదు. పెద్ద చేతి వేళ్ల లెక్కకు చేసినవి అవి. చిన్న చేతిలో గట్టు వచ్చి నేరుగా వేలి కింద పడుతుంది. పూర్తిగా చదును చేసేయండి. ఆ తర్వాత చూపుడువేలి మొదలు ఆనే చోట అరగదీయండి. దీనివల్ల వేలు ట్రిగ్గర్‌కు దగ్గరవుతుంది. చేతి సందు ఆనే వెనక భాగం చివర చూసుకోవాలి, అక్కడ కొద్దిగా తీసినా పట్టంతా మారుతుంది. లోపల ఇనుప ఫ్రేమ్, స్క్రూ పోయే దారి ఎక్కడున్నాయో గ్రిప్ విప్పి చూశాకే ఏ పక్కైనా ముట్టుకోండి.

మీ చేతి మీద మీకు నమ్మకం లేకపోతే మంచి వడ్రంగి దగ్గరికి వెళ్లండి. కానీ గ్రిప్ అక్కడ వదిలేసి రాకండి. ఉలి, చిత్రిక రెండూ వద్దు, సన్న ఆకురాయి, గరుకు కాగితం చాలు. తలుపుల పని చేసే మనిషికి ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. "గింతేనా సార్, గీకి ఇచ్చేస్త" అంటాడు. "గింతే అన్నా, నాలుగు గీకులు గీకు, నేను పట్టుకుని చూస్త, మళ్ల నాలుగు గీకు" అని పక్కనే కూర్చోండి. ముందు పాత ముక్క మీద చేసి చూడాలనిపిస్తే నిర్మల్ బొమ్మలకు వాడే పుణికి చెక్క బాగుంటుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి చాకుతోనే ఆకారం తీయొచ్చు. అసలు గ్రిప్‌కు మాత్రం అది ఆగదు.

ఖాళీలు నింపడం

పెరిగే పిల్లల చేతికి చెక్క అరగదీయడం కంటే నింపడమే మేలు. నింపింది తర్వాత తీసేయొచ్చు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ చాలు. అతికించే చోట గరుకు కాగితంతో రుద్ది నూనె, చెమట పోగొట్టండి. రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా కలిపి పలచగా అంటించండి. ఉత్త చేత్తో ముట్టుకుంటే కొందరికి దురద వస్తుంది, పలచటి ప్లాస్టిక్ చేతి తొడుగు వేసుకోండి. తర్వాత దాని మీద పలచటి పాలిథిన్ కవర్ పరిచి, పిస్టల్‌ను షూటింగ్ భంగిమలోనే ఎత్తి పట్టుకోండి. కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని నొక్కితే వేరే ఆకారం వస్తుంది. కొద్దిసేపు ఉంచి, చేయి తీసి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు అంచులు అరగదీయండి. గట్టిగా పిసికి పట్టుకుని అచ్చు వేయకండి. చేయి ఉబ్బితే చోటుండదు.

అరచేతి కిందుండే పామ్ రెస్ట్ స్క్రూతో పైకీ కిందికీ జరుగుతుంది. చేయి దానిమీద ఆనాలి, దానికీ పై భాగానికీ మధ్య నలగకూడదు. పట్టు పెట్టాక ఒక కాగితం కష్టంగా దూరేంత ఎడం ఉంచండి.

దెబ్బతిన్న చేతికి

ముందుగా డాక్టర్ మాట. ఆపరేషన్, ఫ్రాక్చర్ అయి ఎక్కువ కాలం కాకపోతే ఆర్థోపెడిక్ డాక్టరో ఫిజియోథెరపిస్టో సరే అనేదాకా పిస్టల్ ఎత్తకండి. నొప్పి ఉంటే గ్రిప్ మార్చి నెట్టుకురావచ్చనుకోవడం తప్పు.

తర్వాత ఏ వేలు ఏ పని చేయగలదో తేల్చుకోండి. పోటీ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. వేలు బలహీనంగా ఉందని దాన్ని తగ్గించడానికి లేదు. కాబట్టి ఆ అర కిలో ఒత్తిడి నిదానంగా, నొప్పి లేకుండా పెట్టగలిగే వేలు ఏదో తెలియాలి. చూపుడువేలి కొస తెగిపోయి ఉంటే ట్రిగ్గర్‌ను బాగా వెనక్కి తెచ్చి మిగిలిన కణుపుతో ప్రయత్నించండి. మొద్దుబారిన వేలు మంచిది కాదు. ఎప్పుడు ఎంత నొక్కుతున్నారో మీకే తెలియదు.

ఉంగరపు వేలో చిటికెన వేలో లేకపోతే ఆ చోటు ఖాళీగా వదలకండి. అక్కడ ఎపాక్సీతో మెల్లగా ఎత్తు చేస్తే మధ్యవేలు కిందికి జారదు. వేలుండీ ముడవకపోతే పని తిరగబడుతుంది. అది ఎంత వంగుతుందో అంతవరకే గ్రిప్‌ను లావు చేసి, వేలు సహజంగా ఉన్న చోటే దానికి ఆనే స్థలం ఇవ్వాలి. దాన్ని బలవంతంగా ముడిచి పట్టుకుంటే పక్క వేళ్లు కూడా బిగుసుకుంటాయి.

మణికట్టు విరిగి అతికినవాళ్లకు ఎక్కువగా కనిపించే ఇబ్బంది చిటికెన వేలి వైపు కిందికి వంచలేకపోవడం. పోటీ గ్రిప్‌లు బాగా వాలుగా ఉంటాయి, మణికట్టు కిందికి బిగిస్తేనే బ్యారెల్ మట్టంగా వస్తుంది. మీ మణికట్టు అంత వంగకపోతే కళ్లు మూసుకుని ఎత్తినప్పుడు ముందు సైటు ప్రతిసారీ పైకే ఉంటుంది. దాన్ని బలంతో దించకండి. గ్రిప్ వాలు తగ్గించి, మీ మణికట్టు నొప్పి లేకుండా ఆగే చోట సైట్లు కలిసేలా చేసుకోండి. బ్యారెల్ కింద తగిలించే అదనపు బరువులుంటే తీసేయండి.

బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి ఉంటే బొటనవేలు ఆనే గట్టును తగ్గించి వేలు ఊరికే వాలేలా చేయండి, ఆ పక్క గ్రిప్ కాస్త లావుగా ఉంటే కీలుకు హాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కే కార్పల్ టన్నెల్ ఉన్నవాళ్లకు అరచేతి మొదలు నడిమధ్యన ఒత్తిడి పడకూడదు. పౌడర్ అచ్చు అక్కడ తెల్లగా కనిపిస్తే లోతుగా తీసి, భారం రెండు పక్కలకూ మళ్లించండి. వేలు మడిస్తే టక్కున పట్టేసే జబ్బుంటే వేలి మొదలు మీద ఒత్తే గట్టేదీ ఉండకూడదు.

ఇవేవీ కుదరకపోతే ఎడమ చేయి. హంగరీ షూటర్ కారొలి తకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడి చేయి దెబ్బతిన్నాక ఎడమ చేత్తో నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ బంగారు పతకాలు గెలిచాడు. మన మనీష్ నర్వాల్ కుడి చేతి లోపంతో పుట్టి, ఎడమ చేత్తో కాల్చి టోక్యో పారాలింపిక్స్‌లో 50 మీటర్ల పిస్టల్ స్వర్ణం, 2024 పారిస్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రజతం తెచ్చాడు. ఎడమ చేతికి మారితే ఎడమ చేతి గ్రిప్పే కావాలి. కుడి చేతి గ్రిప్‌ను చెక్కి ఎడమకు తిప్పుదామని చూడకండి. కన్ను ఏది బలంగా ఉందో కూడా మారే ముందే చూసుకోండి.

పోటీకి ముందు

గ్రిప్ ఎంత హాయిగా ఉన్నా నియమాల్లో లేకపోతే ఎక్విప్‌మెంట్ కంట్రోల్, అంటే పోటీకి ముందు జరిగే పరికరాల తనిఖీ, దాటదు. గ్రిప్‌లో ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆనకూడదు. పామ్ రెస్ట్, బొటనవేలి గట్టు గ్రిప్‌కు 90 డిగ్రీలకు తగ్గకుండా బయటికి ఉండాలి. పామ్ రెస్ట్ అంచు పైకి వంపు తిరగకూడదు. ఎపాక్సీతో నింపేటప్పుడు ఈ వంపు తెలియకుండా వచ్చేస్తుంది, ఆరాక స్కేలు పెట్టి చూడండి. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. లావు చేసిన గ్రిప్‌లు ఎక్కువగా ఆ 50 మిల్లీమీటర్ల దగ్గరే తగులుతాయి.

మణికట్టుకు క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని ప్రాక్టీస్ చేసేవాళ్లు గమనించాలి, పోటీలో ఆ చేతికి ఏ ఆధారమూ ఒప్పుకోరు. గడియారం, బ్రేస్‌లెట్ కూడా కుదరవు. ఆడపిల్లలు ఆ చేతి గాజులు ముందే తీసేయాలి. మేడారం నుంచో భద్రకాళి గుడి నుంచో కట్టించుకున్న దారం ఉంటే ఆ రోజుకు రెండో చేతికి కట్టుకోండి, లైన్ మీద జడ్జితో వాదన పెట్టుకోకుండా. శారీరక లోపం శాశ్వతమైతే పారా షూటింగ్ వర్గీకరణ గురించి ముందే కనుక్కోండి, అక్కడ నియమాలు వేరు.

రాష్ట్ర పోటీలకైనా, అఖిల భారత మావలంకర్ పోటీలకైనా వెళ్లే వారం ముందు నుంచి గ్రిప్‌లో ఏమీ మార్చకండి. అలెన్ కీ, గరుకు కాగితం ముక్క సంచిలో పెట్టుకోండి. కంట్రోల్‌లో ఏదైనా అభ్యంతరం చెబితే అక్కడే సరిచేసి మళ్లీ చూపించొచ్చు. ఒకసారి పాసయ్యాక మాత్రం మ్యాచ్ ముగిసేదాకా గ్రిప్‌లో దేన్నీ మార్చకూడదు, మారిస్తే మళ్లీ తీసుకెళ్లి చూపించాల్సిందే.